బాత్‌టబ్‌కీ గోడ టైల్స్‌కీ మధ్య సందు మూయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు కొత్తగా కడుతున్న ఇళ్లలో అక్కడక్కడా బాత్‌టబ్ కనిపిస్తోంది. ఎక్కువ ఇళ్లలో మాత్రం ఇప్పటికీ టైల్స్ అతికించిన సిమెంట్ తొట్టో, వట్టి షవరో ఉంటుంది. ఏది ఉన్నా, అది గోడను తాకే చోట ఒక గీత ఉంటుంది. నీళ్లు లోపలికి దిగేది అక్కడే. అవతలి గదిలో గోడకు నెమ్ము, పెచ్చులూడే గిలాబు (గోడ ప్లాస్టరింగ్), చెదలు పట్టిన దర్వాజ చౌకట్టు, ఇవన్నీ చాలాసార్లు ఆ గీత దగ్గరే మొదలవుతాయి. ఈ పని గురించి ఎక్కువమంది అడిగేవి ఇవి.

అసలు సందు ఎందుకు వస్తుంది? మేస్త్రి సరిగా చేయలేదనుకోవాలా?

అనుకోనక్కర్లేదు. కొంత సందు ఉండాల్సిందే. టబ్ అంచుకూ టైల్ కింది అంచుకూ మధ్య మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు వదిలిన మేస్త్రికి పని తెలుసని అర్థం. టైల్‌ను టబ్ మీద బిగించి కూర్చోబెడితేనే తర్వాత తంటా.

కారణం కదలిక. మన దగ్గర దొరికే టబ్‌లు ఎక్కువగా అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌వి. వేడికి అక్రిలిక్ టైల్ కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ సాగుతుంది. మే నెలలో డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చేయి కాలేలా ఉంటాయి, డిసెంబర్ తెల్లవారుజామున అవే నీళ్లు వణికిస్తాయి. టబ్ ఈ తేడాకు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది, టైల్ మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. దీనికి తోడు బరువు. మామూలు టబ్‌లో నూట యాభై లీటర్ల నీళ్లు పోసి మనిషి కూర్చుంటే రెండు వందల కిలోలు దాటుతుంది. అప్పుడు అంచు ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, లేవగానే మళ్లీ పైకి వస్తుంది.

ఇక ఇల్లు కూడా కదులుతుంది. చెల్క నేల (ఎర్ర ఇసుక నేల) మీద కట్టిన ఇంటికి ఈ బాధ తక్కువ. నల్లరేగడిలో కట్టిన ఇంట్లో వానకు భూమి ఉబ్బి, ఎండకు నెర్రెలు బారుతుంటే, ఆ ప్రభావం పునాది మీదుగా గోడ మూలల దాకా వస్తుంది. కొత్త ఇల్లయితే మొదటి ఒకటి రెండేళ్లలో ఎంతో కొంత కుంగడం మామూలే.

వైట్ సిమెంట్ పెడితే చాలదా? మా ఇంట్లో ఎప్పుడూ అదే పెడతారు.

ఎప్పుడూ పెడుతున్నారంటేనే అది నిలబడటం లేదని కదా. వైట్ సిమెంట్ గట్టిపడుతుంది, సాగదు. పైన చెప్పిన కదలికకు వెంట్రుకంత పగులు వస్తుంది. ఆ పగులు కంటికి కనబడదు, నీళ్లకు మాత్రం చక్కగా దొరుకుతుంది. అసలు సందు కంటే ఇది ఒకరకంగా హీనం. తెరిచి ఉన్న సందు త్వరగా ఆరుతుంది, పగిలిన సిమెంట్ వెనక చేరిన నీళ్లు మాత్రం నెలల తరబడి అక్కడే ఉంటాయి.

ఒకే గోడ మీద రెండు టైల్స్ మధ్య వచ్చే గీతల్లో గ్రౌట్ (టైల్స్ సందులు నింపే సిమెంట్ మిశ్రమం) పెట్టుకోండి, వైట్ సిమెంట్ కంటే అది మేలు. ఎపాక్సీ గ్రౌట్ (సిమెంట్ బదులు గట్టి రెజిన్‌తో చేసినది) అయితే ఇంకా మేలు, ఖరీదు ఎక్కువ. కానీ గోడ గోడను కలిసే మూల, గోడ నేలను కలిసే మూల, టబ్ లేదా తొట్టి గోడను కలిసే గీత, ఈ మూడు చోట్లా సాగే పదార్థమే ఉండాలి. అంటే సిలికాన్, ట్యూబ్‌లోంచి పేస్టులా వచ్చి ఆరాక రబ్బరులా మారేది. ఎపాక్సీ కూడా ఇక్కడ వద్దు. ఎంత బలమైనదైనా అది కూడా సాగదు. ఎం-సీల్ లాంటి పుట్టీలదీ ఇదే సంగతి, పైపు కన్నానికి బాగుంటాయి, కదిలే గీతకు పనికిరావు.

మా ఇంట్లో టబ్ లేదు, సిమెంట్ తొట్టి ఉంది. దానికీ ఇదే పద్ధతా?

దాదాపు ఇదే. ఇటుకతో కట్టి టైల్స్ అతికించిన తొట్టి అక్రిలిక్ టబ్‌లా ఊగదు కాబట్టి పని కాస్త సులువు. కానీ తొట్టికి ఒక ప్రత్యేకమైన సమస్య ఉంది. టబ్‌లో నీళ్లు కాసేపే ఉంటాయి, తొట్టిలో రాత్రీ పగలూ ఉంటాయి. కాబట్టి దాని లోపలి మూలలను సిలికాన్ మీద నమ్మకంతో వదిలేయకూడదు. టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ పూత ఉంటేనే తొట్టి నిలుస్తుంది. అది లేకుండా ఏళ్ల తరబడి కారుతున్న తొట్టికి సిలికాన్ పెట్టడం డబ్బు దండగ. టైల్స్ తీసి పూత వేయించడమో, తొట్టి కొట్టేసి ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టుకోవడమో నయం. రెండోది చెబితే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

తొట్టి పై అంచు గోడను తాకే బయటి గీతకు మాత్రం ఈ పేజీలో చెప్పిందంతా వర్తిస్తుంది.

షాపులో పది రకాల ట్యూబులు చూపిస్తున్నారు. ఏది కొనాలి?

ట్యూబ్ మీద మూడు మాటలు వెతకండి: సిలికాన్, శానిటరీ, న్యూట్రల్.

మొదటిది సిలికాన్. 'అక్రిలిక్ సీలెంట్' అని ఇంకో రకం ఉంటుంది, చవక. అది పెయింటర్లు గోడ పగుళ్లకు, తలుపు చౌకట్టు పక్కన సందులకు వాడేది. దాని మీద రంగు వేసుకోవచ్చు. రోజూ తడిసే చోట అది నిలవదు.

రెండోది శానిటరీ. మామూలు సిలికాన్‌కు నల్ల బూజు త్వరగా పడుతుంది. శానిటరీ రకంలో బూజును ఆపే మందు కలుపుతారు. ఆ మందు కూడా ఏళ్లు గడిచేకొద్దీ కడుక్కుపోతుంది, కానీ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

మూడోది న్యూట్రల్. సిలికాన్ ఆరేటప్పుడు కొన్ని రకాల నుంచి వెనిగర్ వాసన ఘాటుగా వస్తుంది. అంటే అందులోంచి ఎసిటిక్ ఆమ్లం బయటికి వస్తోందన్నమాట. మెరిసే సెరామిక్ టైల్‌కూ టబ్‌కూ మధ్య అది బాగానే పట్టుకుంటుంది. సిమెంట్ మీద సరిగా పట్టదు. రాయిని తింటుంది, ఇత్తడి, రాగి ఫిట్టింగులను, అద్దం వెనక పూతను పాడుచేస్తుంది. న్యూట్రల్ రకానికి ఈ గొడవ లేదు. కాస్త ఎక్కువ ధర పడుతుంది.

మన ప్రాంతంలో ఈ మూడో మాట చాలా ముఖ్యం. తాండూరు బండ, షాబాద్ బండ వేయని ఇల్లు దక్షిణ తెలంగాణలో అరుదు. రెండూ సున్నపురాయి జాతే. బాత్‌రూమ్ నేల బండదై, గోడకు టైల్స్ ఉంటే, ఆ మూలలో వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పెట్టకండి. బండ అంచు మెరుపు పోయి మచ్చ పడుతుంది, సిలికాన్ కూడా కొన్నాళ్లకు ఊడి వస్తుంది. మార్బుల్ సంగతి కూడా ఇంతే. గ్రానైట్‌కు ఆమ్లం అంతగా తగలదు గానీ, కొన్ని మామూలు సిలికాన్‌ల లోంచి నూనె మరక రాయిలోకి దిగుతుంది. రాయి కోసమే చేసిన న్యూట్రల్ రకం అడగండి.

రంగు గురించి ఒక మాట. తెల్ల టబ్‌కు తెల్లదే బాగుంటుంది. అనుమానంగా ఉంటే పారదర్శకం కొనకండి. దాని వెనక చేరిన మురికి, మిగిలిపోయిన పాత గ్రౌట్ అన్నీ అద్దంలో చూసినట్టు కనబడతాయి.

ఎన్ని ట్యూబులు పడతాయి?

మామూలు ట్యూబ్ 280 నుంచి 300 మి.లీ. ఉంటుంది. ఆరు మి.మీ. వెడల్పు, ఆరు మి.మీ. లోతు సందుకు మీటరుకు 36 మి.లీ. పడుతుంది. అంటే ఒక ట్యూబ్ ఏడున్నర మీటర్ల దాకా వస్తుంది. ఒక టబ్ మూడు వైపులా కలిపి మూడు మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక్కటి సరిపోతుంది, గోడల నిలువు మూలలు కూడా చేస్తే రెండు తెచ్చుకోండి. ట్యూబ్‌ను పెట్టి నొక్కే గన్ విడిగా కొనాలి.

కొనేముందు ట్యూబ్ అడుగున గడువు తేదీ చూడండి. చిన్న ఊళ్ల షాపుల్లో శానిటరీ రకం అంతగా అమ్ముడుపోదు, ఎండ పడే అరలో ఏడాది కూర్చున్న ట్యూబ్ చేతికొస్తుంది. గడువు దాటిన సిలికాన్ గన్‌లోంచి మామూలుగానే వస్తుంది, ఎన్ని రోజులైనా గట్టిపడదు.

పాత సిలికాన్ మీద కొత్తది పెట్టొచ్చా?

వద్దు. ఆరిపోయిన సిలికాన్‌కు ఏదీ సరిగా అంటుకోదు, కొత్త సిలికాన్ కూడా గట్టిగా పట్టదు. పైన పూసింది కొన్నాళ్లకు తోలులా ఊడి వస్తుంది.

పని మొత్తంలో సగం కంటే ఎక్కువ సమయం తీయడానికే పోవాలి. కటర్ బ్లేడుతో టైల్ వైపు ఒక కోత, టబ్ వైపు ఒక కోత పెట్టి, మధ్యలోది పట్టి లాగండి. టబ్ వైపు బ్లేడు పడుకోబెట్టి చాలా నెమ్మదిగా పోవాలి, అక్రిలిక్ మీద గీత పడితే పోదు. మిగిలిన పొరను ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకండి. పాత ఏటీఎం కార్డు అంచు దీనికి భలే పనికొస్తుంది. వైట్ సిమెంట్ ఉంటే దాన్నీ తీయాల్సిందే. సన్న స్క్రూడ్రైవర్‌తో కొంచెం కొంచెంగా పొడిచి తీయండి, సుత్తి వద్దు.

చివరన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (త్వరగా ఆరిపోయే ఒక రకం స్పిరిట్)తో శుభ్రమైన గుడ్డ తడిపి రెండు అంచులూ తుడవండి. సబ్బు జిడ్డు, నూనె, కంటికి కనబడని సిలికాన్ పొర ఉంటే కొత్తది పట్టదు. మన దగ్గర తలకు నూనె పెట్టుకుని స్నానం చేసే అలవాటు ఎక్కువ, ఆ నూనె టబ్ అంచున పలచగా పేరుకుంటుంది. పెయింట్ థిన్నర్, అసిటోన్ మాత్రం అక్రిలిక్ దగ్గరికి తేవొద్దు. మెరుపు కరిగిపోతుంది.

ఎంత ఆరాలి?

పని చెడిపోయే చోటు ఇదే. పైకి పొడిగా కనిపించినా టైల్ వెనక గిలాబులో నెమ్ము ఉంటుంది. దాని మీద సిలికాన్ పెడితే రెండు నష్టాలు: సిలికాన్ పట్టదు, నెమ్ము లోపలే చిక్కుకుంటుంది.

పాతది తీశాక కనీసం ఒక రోజు, వానాకాలంలో అయితే రెండు మూడు రోజులు ఆ బాత్‌రూమ్ వాడకండి. ఫ్యాన్ పెట్టి, కిటికీ తెరిచి ఉంచండి. తర్వాత టిష్యూ కాగితాన్ని మడిచి సందులోకి నొక్కి ఒక నిమిషం ఉంచి తీయండి. అది కొంచెం మెత్తబడినా ఇంకా ఆగాలి. ఎన్ని రోజులైనా తడి తగ్గకపోతే సమస్య సందులో లేదు, పైపులో ఉంది. దాని సంగతి కింద చెప్పాం.

ఇంట్లో ఒకటే బాత్‌రూమ్ ఉంటే? ఊరెళ్లే రోజులు చూసుకుని, దసరాకో సంక్రాంతికో బయల్దేరే ముందు పాతది తీసేసి పోండి. వచ్చాక పెట్టుకోవచ్చు. ఎవరూ వాడని బాత్‌రూమ్‌ను మించి ఆరబెట్టే యంత్రం లేదు.

టబ్‌లో నీళ్లు నింపి సిలికాన్ పెట్టాలంటారు. నిజమేనా?

నిజమే, అక్రిలిక్ టబ్‌కు తప్పనిసరి. ఖాళీ టబ్‌కు పెడితే, తర్వాత నీళ్లు నింపి మనిషి దిగినప్పుడు అంచు కుంగి సిలికాన్ సాగుతుంది. మంచి సిలికాన్ దాని వెడల్పులో 25 శాతం దాకా సాగుడు తట్టుకుంటుంది. ఆరు మి.మీ. సందుకు ఒకటిన్నర మి.మీ. అన్నమాట. సన్నగా రెండు మి.మీ. గీతలా పెడితే అర మి.మీ.కే ఊడిపోతుంది. అందుకే నీళ్లు నింపి, అంచు కుంగి ఉన్నప్పుడే పెట్టాలి. ఆరేదాకా ఆ నీళ్లు అలాగే ఉంచాలి. ఖాళీ చేశాక అంచు పైకి లేస్తే సిలికాన్ కాస్త నొక్కుకుంటుంది, అది దానికి ఇబ్బంది కాదు.

నింపేటప్పుడు గోడ తడవకుండా పైపు టబ్ అడుగుకు వదలండి. పని అయ్యాక ఆ నీళ్లు బకెట్లతో మొక్కలకు పోసుకోవచ్చు. వేసవిలో బోరు ఎండిన ఇంట్లో ఇది చెప్పకుండానే చేస్తారు. ఇనుప టబ్‌లకు, కట్టిన తొట్టికి నింపాల్సిన పని లేదు.

పెట్టే పద్ధతి వరసగా చెప్పండి.

ముందు మాస్కింగ్ టేప్ (సులువుగా ఊడే కాగితం టేప్). సందుకు పైన టైల్ మీద ఒక వరస, కింద టబ్ మీద ఒక వరస, మధ్యలో మీకు కావాల్సిన వెడల్పు వదిలి అతికించండి. చేయి తిరిగిన వాళ్లు టేప్ లేకుండానే పెట్టేస్తారు. మొదటిసారి చేసేవాళ్లకు టేప్ లేకపోతే టెన్షనే.

ట్యూబ్ మూతి ముందు కోసి, నాజిల్ బిగించి, నాజిల్ కొసను ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో కోయండి. కన్నం సందు కంటే కొంచెం చిన్నగా ఉండాలి. చాలామంది ఆత్రంగా పెద్ద కన్నం కోస్తారు, తర్వాత సిలికాన్ గోడంతా పారుతుంది. ముందుగా ఒక అట్టముక్క మీద కొంచెం వదిలి చూసుకోండి.

దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి, ఆగకుండా ఒకే వేగంతో రండి. గన్‌ను ముందుకు తోస్తూ పోవాలా, వెనక్కి లాగుతూ రావాలా అని మేస్త్రీల్లో రెండు పార్టీలున్నాయి. తోస్తే సిలికాన్ లోతుకు దిగుతుంది, లాగితే గీత నున్నగా వస్తుంది. లోతుకు దిగడమే ముఖ్యం, నున్నదనం వేలితో తెచ్చుకోవచ్చు. కాబట్టి నా ఓటు తోయడానికే. గీత చివర ట్రిగ్గర్ వెనక ఉన్న మీట నొక్కి ఒత్తిడి వదలండి, లేకపోతే కారుతూనే ఉంటుంది.

మొత్తం పెట్టాకే వేలితో దిద్దాలి. సబ్బు నీళ్లలో వేలు ముంచి విదిలించి, ఒక్క లాగులో పోనివ్వండి. సబ్బు నీళ్లను గోడ మీద చల్లడం కొందరి అలవాటు. సిలికాన్ అంచు కిందికి ఆ నీళ్లు పోతే అక్కడ పట్టదు, చల్లకండి. వేలికి అంటిన తడి చాలు. పదే పదే దిద్దకండి, ఒకసారి, మహా అయితే రెండుసార్లు. గీత మధ్యలో కొంచెం లోపలికి వంగి, రెండు అంచులకూ బాగా తాకి ఉండాలి.

పై పొర కట్టకముందే, అంటే ఐదు పది నిమిషాల్లోనే, టేప్‌ను పక్కకు వాల్చి లాగేయండి. ఆలస్యమైతే టేప్‌తో పాటు సిలికాన్ అంచు లేస్తుంది. టేప్ తీశాక సన్నని గట్టు కనబడితే వేలితో ఒక్కసారి తేలిగ్గా రాసి వదిలేయండి.

సందు వేలు పట్టేంత ఉంది. నింపేయొచ్చా?

నేరుగా నింపితే ట్యూబులు మింగుతుంది, ఆరదు, పైగా సరిగా సాగదు. వెనక ఫోమ్ రాడ్ పెట్టాలి. తెల్లగా, గుండ్రంగా, తాడులా ఉంటుంది. మామూలు శానిటరీ షాపుల్లో దొరకడం తక్కువ, అల్యూమినియం కిటికీలు, అద్దాల పని చేసేవాళ్లను అడిగితే ఇస్తారు. సందు కంటే కొంచెం లావుది తీసుకుని, లోపలికి నొక్కి, పైన సిలికాన్‌కు చోటు వదలండి. లోతు వెడల్పులో సగం ఉంటే చాలు, కానీ ఆరు మి.మీ. తగ్గకూడదు. రాడ్‌కు సిలికాన్ అంటుకోదు, కాబట్టి అది రెండు పక్కలా మాత్రమే పట్టుకుని మధ్యలో స్వేచ్ఛగా సాగుతుంది. వెనకాల కూడా అతుక్కుంటే చిరిగిపోతుంది.

గుడ్డ పేలికలు, న్యూస్‌పేపర్ కుక్కే అలవాటు ఒకటి ఉంది. తడి పీల్చుకుని కుళ్లుతాయి. వద్దు.

సందు పదిహేను మి.మీ. దాటితే సిలికాన్ పని కాదు. టైల్ పట్టీయో, గ్రానైట్ పట్టీయో పెట్టించి, మిగిలిన సన్న గీతలకు సిలికాన్ పెట్టించండి.

ఎప్పటి నుంచి నీళ్లు పోయొచ్చు? ఎండాకాలంలో త్వరగా ఆరుతుందా?

కనీసం ఇరవై నాలుగు గంటలు ఆగండి. రెండు రోజులు ఆగితే మంచిది. సిలికాన్ రోజుకు సుమారు రెండు మూడు మి.మీ. లోతు మాత్రమే గట్టిపడుతుంది, లావుగా పెట్టినచోట ఇంకా ఆలస్యం.

ఎండాకాలం విషయంలో చాలామంది పొరబడతారు. సిలికాన్ బట్టల్లా ఎండదు. గాలిలో ఉన్న తేమను తీసుకునే గట్టిపడుతుంది. గోడ పొడిగా ఉండాలి, గాలిలో మాత్రం కొంత తేమ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో నల్గొండలో 45 డిగ్రీల ఎండకు గాలి పూర్తిగా పొడిబారుతుంది, కాబట్టి లోపలి భాగం అనుకున్నంత త్వరగా గట్టిపడదు. పడమటి గోడ టైల్స్ మధ్యాహ్నం కాలిపోతుంటాయి. ఎక్కువ ట్యూబుల మీద నలభై డిగ్రీల లోపే పెట్టమని రాసి ఉంటుంది. ఆ నెలల్లో చేయాల్సి వస్తే తెల్లవారగానే చేయండి. ఈ పనికి మన దగ్గర నవంబర్ నుంచి మార్చి మొదటి వారాల దాకా వీలు. ముసురు పట్టిన జులై, ఆగస్టులో గోడ ఆరదు.

నల్లగా బూజు పట్టింది. ఏం వేస్తే పోతుంది?

పైపైన ఉంటే బ్లీచ్ ద్రావణంలో తడిపిన దూదిని దాని మీద పెట్టి కొన్ని గంటలు ఉంచి కడగండి. సిలికాన్ లోపలి దాకా నలుపు దిగితే ఏదీ పని చేయదు, తీసేసి కొత్తది పెట్టాలి.

ఇక్కడ ఒక్క హెచ్చరిక, ఈ పేజీలో ఇంకేది మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు. బ్లీచ్, బ్లీచింగ్ పౌడర్‌లను యాసిడ్‌తో గానీ, టాయిలెట్ క్లీనర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి. ఒకటి పోసి సరిగా కడగకుండా రెండోది కూడా పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. చిన్న బాత్‌రూమ్‌లో తలుపు వేసుకుని ఉంటే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ప్రాణం మీదికి వస్తుంది.

మాది ఫ్లోరైడ్ ఊరు. ఆ నీళ్లకే సిలికాన్ పాడవుతోందా?

కాదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు తరాల తరబడి మనుషుల ఎముకల్ని వంచింది ఫ్లోరైడే, కానీ గోడ మీది తెల్ల పొరకు అది కారణం కాదు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితేనే ఫ్లోరైడ్ హద్దు దాటినట్టు. ఆ స్థాయిలో అది టైల్‌ను గానీ సిలికాన్‌ను గానీ ఏమీ చేయదు. తెల్ల మరక నీటి కఠినత్వం వల్ల, అంటే కాల్షియం, మెగ్నీషియం వల్ల వస్తుంది. బోరు నీళ్లలో ఇవి లీటరుకు వందల మిల్లీగ్రాముల్లో ఉంటాయి. సబ్బుతో కలిసి జిగటగా గీత మీద పేరుకుంటాయి, ఆ జిగట మీదే బూజు పెరుగుతుంది. కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లలో ఇది తక్కువ.

దీనికి మన ఇళ్లలో చేసే వైద్యం యాసిడ్. దాంతో టైల్ తళతళలాడుతుంది, మధ్యలో ఉన్న గ్రౌట్ మాత్రం ప్రతిసారీ కొంచెం కరుగుతుంది. రెండు మూడేళ్లలో గీతలు గుంతలు పడతాయి, బండలయితే పొక్కుతాయి. నిమ్మ ఉప్పును (సిట్రిక్ యాసిడ్) గోరువెచ్చని నీళ్లలో కలిపి స్పాంజితో రాసి, పావుగంట ఆగి కడగండి. ఇది కూడా టైల్ మీదే, బండ మీద కాదు. నకిరేకల్ చుట్టుపక్కల వాళ్లకు నిమ్మకాయలకు కొదవ లేదు, రసం కూడా పని చేస్తుంది, కాకపోతే కాయలు చాలా కావాలి. అన్నిటికంటే తేలికైన మందు, స్నానం అయ్యాక గీతను పొడిగుడ్డతో ఒక్కసారి తుడవడం.

సిలికాన్ కొత్తగా పెట్టించాం. అవతలి గోడ ఇంకా నెమ్ముగానే ఉంది.

ముందు నెల రోజులు ఆగండి. గోడలో చేరిన నీళ్లు ఒక్క రోజులో పోవు. నెల తర్వాత కూడా తగ్గకపోతే ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి.

మొదట నీళ్ల పైపు. రాత్రి పడుకునేముందు డాబా మీది ట్యాంకులో నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టి, మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేయండి. తెల్లవారేసరికి మట్టం తగ్గితే ఎక్కడో పైపు కారుతోంది. గీజర్ దగ్గరి జాయింట్లు, గోడలో దాగిన మిక్సర్ జాయింట్లు ముందు అనుమానించాల్సినవి. ఫ్లష్ ట్యాంకు కారినా మట్టం తగ్గుతుంది, దాన్ని కూడా చూసుకోండి.

రెండోది డ్రైన్. టబ్ సగం నింపి, గోడ తడవకుండా ఒక్కసారిగా వదలండి. అప్పుడు నెమ్ము పెరిగితే టబ్ కింది వేస్ట్ పైపో, నాని ట్రాపో (నేల మీది జాలీ కింద ఉండే గిన్నె) కారుతోంది. మూడోది చాలామంది చూడనిది: టబ్ పై భాగంలో ఉండే ఓవర్‌ఫ్లో కన్నం వెనక రబ్బరు. నీళ్లు అక్కడి దాకా నింపినప్పుడే అది కారుతుంది. ఇవేవీ చూడాలన్నా టబ్ పక్కన చిన్న తలుపు ఉండాలి. కొత్తగా కట్టించేవాళ్లు టబ్‌ను నాలుగువైపులా టైల్స్‌తో మూసేయకుండా ఒక మూత పెట్టించుకోండి. తర్వాత పగలగొట్టే ఖర్చు మిగులుతుంది.

ఇవన్నీ బాగుంటే టైల్స్ మీద వేలి కణుపుతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే టైల్ వెనక ఖాళీ ఉంది, నీళ్లు అక్కడ తిరుగుతున్నాయి. అప్పుడు టైల్స్ తీసి వాటర్‌ప్రూఫింగ్ చేయించడమే దారి. సిలికాన్ అనేది పైన వేసే గొడుగు లాంటిది, పునాది లోంచి వచ్చే నీళ్లను అది ఆపలేదు.

కమోడ్, వాష్‌బేసిన్ చుట్టూ కూడా పెట్టాలా?

వాష్‌బేసిన్ గోడను తాకే చోట పెట్టండి. కమోడ్ అడుగు చుట్టూ మూడు వైపులా పెట్టి, వెనక వైపు కొంచెం వదలండి. లోపల ఎప్పుడైనా కారితే నీళ్లు అటునుంచి బయటికి వచ్చి సంగతి తెలుస్తుంది. మొత్తం మూసేస్తే నీళ్లు నేల కిందికి పోతాయి, మీకు తెలిసేది కింది వాటా వాళ్లు పైకి వచ్చినప్పుడే.

మేమే చేసుకోవాలా, మేస్త్రితో చేయించాలా?

ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా చేసుకోవచ్చు. పాలమూరు మేస్త్రీలు దేశమంతా తిరిగి డ్యాములు, అపార్ట్‌మెంట్లు కట్టిన వాళ్లు, పని రాక కాదు, కానీ ఇలాంటి చిన్న పనికి రెండుసార్లు రావడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అందుకని పాతది గీకడం, కొత్తది పెట్టడం ఒకే పూటలో ముగిస్తారు. ఆరబెట్టే రోజు ఎగిరిపోతుంది. మధ్యేమార్గం, పాతది తీసి ఆరబెట్టే పని మీరు చేసుకుని, పెట్టడానికి మాత్రం పిలవడం. లేదా ముందే తేల్చుకోండి: "అన్నా, పాతది మొత్తం తీసినంక నాకు ఒకసారి చూపించు, రెండు రోజులు ఆగి పెడదాం, రెండు రోజుల కూలీ నేనే ఇస్త." ట్యూబ్ మీరే కొని చేతికివ్వండి.

అద్దె ఇల్లు. ఖర్చు ఎవరిది?

ఓనర్‌కు ఫోటో పెట్టి చెప్పండి. ట్యూబ్, గన్ కలిపి కొన్ని వందల్లో పోయేది, నెమ్ము ముదిరితే వేలల్లోకి వెళ్తుందని చెబితే ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోయినా టైల్స్ పగలగొట్టే పని మాత్రం మీ అంతట మీరు చేయకండి.

ట్యూబ్‌లో సగం మిగిలింది. దాచుకోవచ్చా?

గన్ ఒత్తిడి వదిలి, నాజిల్ కన్నంలోకి పొడవాటి స్క్రూ ఒకటి తిప్పి, పైన టేప్ చుట్టి నీడలో నిలబెట్టండి. కొన్ని వారాలు పనికొస్తుంది. మళ్లీ వాడేటప్పుడు స్క్రూను పట్టకారుతో లాగితే గట్టిపడిన ముక్క దానితోనే వస్తుంది. రాకపోతే నాజిల్ మార్చండి. అప్పుడు కూడా ముందు అట్టముక్క మీద పెట్టి, మర్నాటికి గట్టిపడిందో లేదో చూసి, ఆ తర్వాతే గోడ దాకా తీసుకెళ్లండి.